లక్షల జీతం తీసుకునేవాడికి యూనియనెందుకు?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వందలకొద్దీ రద్దయినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో ఒకటే చర్చ. ఎవరి ఫోన్లో చూసినా ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలు, కౌంటర్ల ముందు అరుపులు. మా టీములో ఒకాయన పెరుగన్నం కలుపుకుంటూ తీర్పు చెప్పేశాడు. "అంతా పైలట్ల పొగరండీ. లక్షల్లో జీతాలు తీసుకుంటూ ఇంకా రెస్టు కావాలంట. యూనియన్లు పెట్టుకుని దేశాన్నే ఆడిస్తున్నారు. నచ్చకపోతే మానేసి పొమ్మనాలి."

బల్ల చుట్టూ ఉన్న ఏడుగురూ తలలూపారు. తమాషా ఏమిటంటే, ఆ చెప్పినాయన ముందురోజు రాత్రి రెండున్నరదాకా క్లయింటు కాల్‌లో ఉండి, పొద్దున తొమ్మిదికల్లా మళ్ళీ స్టాండప్‌కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను గట్టిగా సమాధానం చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ డైలాగు నాది. 2009 సెప్టెంబరులో ఇదే బ్లాగులో దాదాపు అవే మాటలు రాశాను. అప్పట్లో దానికి బోలెడు చప్పట్లు కూడా పడ్డాయి. ఆ టపా ఇంకా ఉంది, తీసెయ్యలేదు, తీసెయ్యను. ఈ టపా దానికి పదహారేళ్ళు ఆలస్యంగా వచ్చిన సవరణ అనుకోండి.

గుర్తులేనివాళ్ళ కోసం 2009 సంగతి క్లుప్తంగా. జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. కంపెనీ ఇద్దరు సీనియర్ పైలట్లని తీసేసింది. సంఘం పెట్టినందుకే తీశారని పైలట్ల వాదన. సమ్మె చెయ్యకూడదని బొంబాయి హైకోర్టు ఆపితే, సెప్టెంబరు 8 నుంచి వందలమంది పైలట్లు ఒక్కసారిగా 'ఒంట్లో బాగాలేదు' అన్నారు. ఐదురోజులు దేశమంతా గగ్గోలు. చివరికి రాజీ కుదిరింది, తీసేసినవాళ్ళని తిరిగి తీసుకున్నారు.

అప్పుడు నేను రాసిందేమిటయ్యా అంటే: ఇంత జీతం తీసుకునేవాళ్ళు ఫ్యాక్టరీ కూలీల్లా జెండాలు పట్టుకోవడం సిగ్గుచేటు, టాలెంటున్నవాడికి యూనియనక్కర్లేదు, నచ్చకపోతే పేపరు పడేసి ఇంకో కంపెనీకి పోవాలి, మేం సాఫ్టువేరువాళ్ళం అలాగే చేస్తాం. ఎంత ధీమా! వయసు చిన్నది, అనుకోవచ్చు. కానీ ధీమాకి అసలు కారణం వయసు కాదు, అప్పటికి నా వంతు రాకపోవడం.

వంతు మూడునెలల్లోనే వచ్చింది. సత్యం బయటపడిన ఏడాది అది, మాంద్యం ఇంకా పోలేదు. మా డామేజరు నన్ను గదిలోకి పిలిచి, పధ్నాలుగుమంది టీములోంచి రెండు పేర్లు ఇమ్మన్నాడు. బెల్ కర్వ్ అంట, అడుగున ఇద్దరుండాలంట. నేనిచ్చాను. అందులో ఒకడు ఎస్సార్ నగర్‌లో రెండేళ్ళు నా రూమ్మేటు. వాడికంటే నాసిగా పనిచేసేవాడు ఇంకొకడున్నాడు గానీ, వాడి పేరిస్తే క్లయింటు దగ్గర గొడవవుతుందని నా లెక్క. పెర్ఫార్మెన్సు గిర్ఫార్మెన్సు ఏమీ లేదు, శుద్ధ రాజకీయం.

వారం తర్వాత వాణ్ణి ఒక మీటింగ్ రూములోకి పిలిచారు. బల్లకి అటు ముగ్గురు, ఇటు వీడొక్కడు. రాజీనామా లేఖ ముందే టైపు చేసి ఉంది. సంతకం పెడితే రెండు నెలల జీతం, మంచి రిలీవింగ్ లెటరు. పెట్టకపోతే 'పనితీరు బాగాలేక తొలగించాం' అని రికార్డులో రాస్తాం, ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో నువ్వే చూసుకో. ఫోన్ బయటే పెట్టించారు. ఇరవై నిమిషాల్లో సంతకం అయిపోయింది. ఆ సాయంత్రం నాకే ఫోన్ చేశాడు. "లోపల నా పక్కన ఒక్కడు కూర్చునుంటే సంతకం పెట్టేవాణ్ణి కాదురా" అన్నాడు. ఆ పేరిచ్చింది నేనేనని వాడికి ఇప్పటికీ తెలీదు. ఈ టపా చదివితే తెలుస్తుంది. తెలియాలనే రాస్తున్నాను.

ఇద్దరు పైలట్లని తీసేస్తే వాళ్ళ వెనక కొన్ని వందలమంది నిలబడ్డారు. నా రూమ్మేటుని తీసేస్తే వెనక ఎవరూ లేరు, పేరిచ్చినవాడు మాత్రం పక్క క్యూబికల్లోనే ఉన్నాడు. ఇందులో సిగ్గుచేటు ఎవరిదో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక వాదనలోకి వద్దాం. మనవాళ్ళు యూనియన్ల మీద చెప్పేవి ముఖ్యంగా మూడు.

ఒకటి: లక్షల జీతం తీసుకునేవాడికి యూనియనెందుకు?

యూనియన్ అనేది పేదరికానికి మందు అని ఎవరో మనకి నూరిపోశారు. అది కాదండీ. ఎదురుగా ఉన్నవాడి బలమెంత, నా బలమెంత అన్నదే లెక్క. జీతం ఎంతైనా కానీ, ఒక్క మెయిల్‌తో పోయేదైతే నువ్వు బలహీనుడివే. 2008 అక్టోబరులో అదే జెట్ ఎయిర్‌వేస్ దాదాపు 1900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. చాలామంది క్యాబిన్ క్రూ పిల్లలు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు. యూనిఫాంలోనే రోడ్డెక్కారు. టీవీలన్నీ చూపించాయి, రాజకీయ నాయకులు పరిగెత్తుకొచ్చారు. రెండురోజుల్లో కంపెనీ నిర్ణయం వెనక్కి తీసుకుంది. నరేష్ గోయల్ అర్ధరాత్రి ప్రెస్సుని పిలిచి మరీ చెప్పాడు. అదే వాళ్ళు ఒక్కొక్కరూ విడివిడిగా హెచ్ఆర్‌కి 'దయచేసి పునరాలోచించండి' అని మెయిల్ పెట్టి ఉంటే? ఆటోమేటిక్ రిప్లై వచ్చేది.

పైగా పైలట్ల గొడవంతా డబ్బు గురించే అనుకోవడం పొరపాటు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలోకి పోయింది. 158 మంది చనిపోయారు, బతికింది ఎనిమిదిమంది. ప్రయాణంలో గంటన్నరకి పైగా కమాండర్ నిద్రలో ఉన్నాడని, లేచాక ఆ నిద్రమత్తు ఆయన నిర్ణయాల మీద పనిచేసి ఉండొచ్చని విచారణలో తేలింది. అలాంటప్పుడు 'ఇంకా రెస్టు కావాలంట' అని వెటకారం చేసేముందు, ఆ రెస్టు ఎవరి ప్రాణానికి అని ఒక్క క్షణం ఆలోచించాలి. పైలట్ కునికిపాట్లు పడితే పోయేది వాడి ఇంక్రిమెంటు కాదు.

రెండు: యూనియన్లే కంపెనీలని ముంచుతాయి.

ఇది నేను కూడా చాలా ఏళ్ళు నమ్మాను. ఒకసారి మునిగినవాటి లిస్టు వేసుకుని చూద్దాం. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది. నెలల తరబడి జీతాలివ్వకపోతే ఇంజినీర్లు పని ఆపేశారు. కొంప అంటుకుని చాలాకాలమైంది, పొగ కనిపించింది మాత్రం ఆరోజు. మన బెజవాడ ఎయిర్ కోస్టా 2013లో ఎగిరి 2017 ఫిబ్రవరి చివర్లో ఆగింది. విమానాలు అద్దెకిచ్చినవాళ్ళతో వచ్చిన చిక్కులు. మన హైదరాబాదు ట్రూజెట్ 2022లో ఆగింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోతూ ఇంజిన్ల కంపెనీని తిట్టింది. వీటిలో ఒక్కదానికైనా సమాధి మీద 'యూనియన్ చేత చంపబడెను' అని రాసి ఉందా?

ఇక జెట్. 2009లో నేను తిట్టిన ఆ గిల్డే పదేళ్ళ తర్వాత ఏం చేసిందో చూడండి. 2019 మొదట్లో పైలట్లకి నెలల జీతం బాకీ. ఏప్రిల్ 1 నుంచి ఎగరమని చెప్పి, మళ్ళీ గడువు రెండువారాలు పొడిగించారు. ఆ తర్వాత స్టేట్ బ్యాంకుని, ప్రధానమంత్రిని చేతులెత్తి అడిగారు, ఇస్తామన్న 1500 కోట్లు విడుదల చెయ్యండి, కంపెనీని బతికించండి అని. డబ్బు రాలేదు. ఏప్రిల్ 17 రాత్రితో జెట్ ఆగిపోయింది. జీతాల్లేకుండా నెలల తరబడి విమానం నడిపి, చివరి వారంలో కంపెనీ కోసం బ్యాంకుల్ని బతిమాలినవాళ్ళని మనం 'కంపెనీని ముంచినవాళ్ళు' అంటున్నాం.

కథ అక్కడితో అవ్వలేదు. దివాలా కేసులో ఉద్యోగులకి పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా ఇవ్వాలని 2022లో అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఆ కేసులు వేసింది విమానాల మరమ్మతు ఇంజినీర్ల సంఘం లాంటివి. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు జెట్‌ని మూసేసి ఆస్తులమ్మమంది, అది వేరే విషాదం. కానీ ఒక్క మాట. మన కంపెనీ రేపు దివాలా తీస్తే, బ్యాంకుల లాయర్లూ అద్దెదారుల లాయర్లూ కూర్చున్న కోర్టులో నీ నోటీసు పీరియడ్ డబ్బుల గురించి లేచి మాట్లాడేదెవరు? నీ లింక్డిన్ ప్రొఫైలా?

యూనియన్లన్నీ సుద్దపూసలని నేననడంలేదు. 2012లో ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్ చేసిన సమ్మెని నేనిప్పటికీ సమర్థించలేను. 2007లో ఎయిర్ ఇండియానీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నీ కలిపేశారు గానీ జీతాలూ సీనియారిటీలూ కలపలేదు. మన భాషలో చెప్పాలంటే రెండు కోడ్‌బేసుల్ని మెర్జ్ చేసి, కాన్‌ఫ్లిక్టులన్నీ అలాగే వదిలేసి ప్రొడక్షన్‌లోకి తోసేశారు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమాన జీతం కోసం పదిరోజులు సమ్మె చేశారు. 2012లో ఎయిర్ ఇండియా వైపువాళ్ళు కొత్త డ్రీమ్‌లైనర్ శిక్షణ తమకే ఇవ్వాలని, అవతలివాళ్ళకి ఇవ్వకూడదని 58 రోజులు ఆపేశారు. నూరుమంది దాకా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, సంఘం గుర్తింపు పోయింది, కంపెనీకి వందల కోట్ల నష్టం, చివరికి ఢిల్లీ హైకోర్టు మెట్ల మీద సమ్మె ముగిసింది. పక్క కార్మికుడికి అన్నం పెట్టొద్దని చేసే సమ్మె సమ్మె కాదు, దాయాదుల పోరు. కానీ ఆ పోరు పెట్టిందెవరు? మెర్జ్ చేసినవాడు ఐదేళ్ళు కాన్‌ఫ్లిక్టు అలాగే ఉంచాడు. ఆ ముక్క మాత్రం ఎవరూ మాట్లాడరు.

మూడు: ఏమైనా సరే, ప్రయాణికుల్ని ఇబ్బంది పెట్టడం అన్యాయం.

ఇది మాత్రం నిజమైన మాట. దీన్ని కొట్టిపారెయ్యను. గల్ఫులో ఉద్యోగానికి రేపు చేరాల్సినవాడు, ఊళ్ళో తండ్రి పోయి బయల్దేరినవాడు, వాళ్ళకి ఏ యూనియన్ న్యాయమూ ఆ రాత్రి పనికిరాదు. 2024 మే 7 రాత్రి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో రెండువందలకి పైగా క్యాబిన్ క్రూ ఒక్కసారిగా సిక్ లీవు పెడితే అచ్చం అదే జరిగింది. పదుల సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. కేరళ నుంచీ గల్ఫు నుంచీ వెళ్ళేవాళ్ళు అల్లాడిపోయారు.

అయితే ఆ సిక్ లీవుకి ముందు ఏం జరిగిందో టీవీలు చెప్పలేదు. రెండు కంపెనీల విలీనం. సీనియర్ పోస్టుకి ఇంటర్వ్యూ చేసి చిన్న పోస్టు ఇచ్చారని, అలవెన్సులు కోశారని, బయటి ఊళ్ళలో హోటల్ గది ఇద్దరికి ఒకటిచ్చారని ఫిర్యాదులు. (విలీనం తర్వాత 'రోల్ రీ-మ్యాపింగ్' చూసిన సాఫ్టువేరు మిత్రులెవరికైనా ఇక్కడ ఒళ్ళు జలదరించకపోతే చెప్పండి.) రోడ్డెక్కకముందు వాళ్ళు ప్రభుత్వ కార్మిక శాఖ దగ్గరికే వెళ్ళారు. యాజమాన్యం బాధ్యతగల మనిషిని కూడా చర్చలకి పంపడంలేదని, ఫిర్యాదుల్లో నిజముందని ఆ శాఖ అధికారే మే మొదట్లో కంపెనీ పెద్దలకి రాశారు. కదలిక లేదు. మే 7 తర్వాత? పాతికమందిని తీసేశారు, 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ముందు అదే యాజమాన్యం అదే యూనియన్‌తో కూర్చుంది, పాతికమందినీ తిరిగి తీసుకుంది. నెలలు పట్టని చర్చ రెండురోజుల్లో అయింది. మర్యాదగా అడిగినప్పుడు వినిపించుకుని ఉంటే ఆ ప్రయాణికుడి విమానం ఎగిరేది కదా? ప్రయాణికుడి కష్టానికి బిల్లు పంపాల్సిన అడ్రసు ఏది?

ఇప్పుడు మొదలుపెట్టిన ఇండిగో సంగతికి వద్దాం. అసలు అది సమ్మే కాదు! పైలట్ల పని గంటల మీద డీజీసీఏ కొత్త నిబంధనలు. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకి, రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి. పైలట్ల సంఘాలు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చాయవి. 2024 జనవరిలో ప్రకటించారు. ఆ జూన్ నుంచి అమలన్నారు, విమాన కంపెనీలు మొరపెట్టుకుంటే వాయిదా వేశారు. ఢిల్లీ హైకోర్టులో కేసు నడిచాక 2025 జూలై 1, నవంబరు 1 అని రెండు విడతలు పెట్టారు.

అంటే ఏమిటన్నమాట? రిక్వైర్‌మెంటు దాదాపు రెండేళ్ళ ముందే చేతికొచ్చింది. గో-లైవ్ తేదీ తెలుసు. రిసోర్సులు ఎంతమంది కావాలో ఎక్సెల్ షీటులో రెండు నిమిషాల పని. అయినా మనుషుల్ని తీసుకోకుండా, ఉన్నవాళ్ళతోనే లాగిద్దామని కూర్చుంటే డిసెంబరులో సిస్టం కుప్పకూలింది. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. ప్లానింగులో పొరపాటు మాదేనని కంపెనీయే ఒప్పుకుంది. మరి అప్పుడు సర్కారు ఏం చేసింది? రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. టెస్ట్ కేసు ఫెయిలవుతోంటే కోడ్ సరిచెయ్యకుండా టెస్ట్ కేసునే కామెంట్ చేసేసినట్టు! మా టీములో ఎవడైనా ఆ పని చేస్తే రివ్యూలో చీల్చి చెండాడే నా మిత్రుడు, పెరుగన్నం కలుపుతూ పైలట్లని తిట్టాడు.

ఇంకొక్క సంగతి, ఇది మన గురించే. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సమ్మెకి ముందు నోటీసివ్వడం ఇదివరకు విమానాలూ రైళ్ళ లాంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు అన్ని సంస్థలకీ 14 రోజుల నోటీసు తప్పనిసరి. సగం మందో అంతకంటే ఎక్కువో కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అదీ సమ్మె కిందే లెక్క. ఇదివరకు వందమంది దాటిన ఫ్యాక్టరీల్లో జనాన్ని తీసెయ్యాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఇప్పుడా గీత మూడొందలకి జరిగింది. అంటే కలిసి ఆగడం కష్టమైంది, కలిపి తీసెయ్యడం తేలికైంది. మనలో ఎంతమంది ఈ వార్త చదివారు? టేక్-హోం ఎంత తగ్గుతుందన్న క్యాలిక్యులేటర్ మాత్రం అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది :)

'మాకు యూనియన్ చట్టం వర్తించదు' అని మనవాళ్ళకో భ్రమ. 1947 చట్టంలోనే కార్మికుడి నిర్వచనంలో సాంకేతిక పని చేసేవాడు కూడా ఉన్నాడు. విజిటింగ్ కార్డు మీద 'సీనియర్ కన్సల్టెంట్' అని కొట్టించినంత మాత్రాన ఎవరూ యజమాని అయిపోరు. బెంగుళూరులో ఐటీ ఉద్యోగుల యూనియన్ 2017లోనే వచ్చింది. ఒక సంస్థలో పది శాతం మంది లేదా వందమంది, ఏది తక్కువైతే అది, కనీసం ఏడుగురు, ఉంటే రిజిస్టరు చేసుకోవచ్చు. వేలమంది పనిచేసే క్యాంపస్సుల్లో మనకి వందమంది దొరకరా? క్రికెట్ టీముకీ, బతుకమ్మకీ, సంక్రాంతి ముగ్గులకీ దొరుకుతారు.

యూనియన్ పెడితే క్లయింట్లు పారిపోతారు, పని ఫిలిప్పీన్స్‌కి పోతుంది అంటారు. పని ఎలాగూ ఎటో పోతూనే ఉంది, ఈ మధ్య మనుషులే అక్కర్లేదని మిషన్‌కి ఇచ్చేస్తున్నారు. మనం నోరుమూసుకున్నందుకు ఎవరైనా ఆగారా? నేను సమ్మె చెయ్యమనడంలేదు. ఆ మీటింగ్ రూములో బల్లకి ఇటువైపు రెండో కుర్చీ ఉండాలంటున్నాను, అంతే. సంతకం పెట్టేముందు 'ఒక్కరోజు టైమివ్వండి, మా సంఘం వాళ్ళతో మాట్లాడి చెబుతాను' అనగలిగే మాట. ఆ ఒక్క మాట విలువ ఇరవై నిమిషాల్లో సంతకం పెట్టినవాడికి తెలుసు.

2009లో పైలట్లని ఉద్దేశించి 'నచ్చకపోతే మానేసి పొండి' అని రాశాను. ఆ వాక్యాన్ని ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. పోవాల్సి వచ్చినవాడు ఎలా పోయాడో నేను చూశాను, పంపించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి.

రేపు మధ్యాహ్నం క్యాంటీన్లో ఈ టపా లింకు ఆ పెరుగన్నం మిత్రుడికి ఇస్తాను. గొడవ పడతాడని తెలుసు. మీరూ పడదలుచుకుంటే వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది. 2009 టపాకి చప్పట్లు కొట్టినవాళ్ళు మాత్రం ముందుగా రండి, మీకే ఎక్కువ బాకీ ఉన్నాను.